ఇస్సాకుకు తనదంటూ ఒక విశ్వాసం ఉందా?

మీరు అడిగినవి మూడు. ఇస్సాకు జీవితంలో అతను సొంతంగా చేసిన విశ్వాస కార్యం ఏదైనా ఉందా అన్నది మొదటిది. తండ్రి అబ్రాహాము బలివ్వడానికి తీసుకెళ్తే మోరీయా కొండ ఎక్కినప్పుడు అతని వయసెంత అన్నది రెండోది. చూపు పోయి, మోసపోయి, ఒక కొడుక్కి ఇవ్వాలనుకున్నది ఇంకో కొడుక్కి ఇచ్చేసిన దీవెనను హెబ్రీ పత్రిక 11:20 "విశ్వాసమునుబట్టి" అని ఎలా అంటుందన్నది మూడోది. చివర్లో ఇంకో మాట కూడా రాశారు. మీది మూడు తరాల క్రైస్తవ కుటుంబమనీ, చెప్పుకోవడానికి పెద్ద సాక్ష్యమేమీ లేదనీ, అందుకే యవనస్థుల కూటంలో ఇస్సాకు గురించి మాట్లాడమంటే ఏం చెప్పాలో తోచడం లేదనీ. నాకు ఆ చివరి మాటే అసలు ప్రశ్నలా అనిపించింది.

ఎందుకంటే మన సంఘాల్లో సాక్ష్యం చెప్పమనగానే ముందుకొచ్చేది తాగుడు మానినవాళ్లు, డాక్టర్లు చేతులెత్తేసిన జబ్బు నుంచి లేచినవాళ్లు, ఇంట్లో వాళ్లను ఎదిరించి బాప్తిస్మం తీసుకున్నవాళ్లు. సండేస్కూల్లోనే పుట్టి పెరిగినవాడు, క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరి వేషం వేసినవాడు, వెనక వరసలో కూర్చుని వింటాడు. అబ్రాహాము ముందు వరసవాడు. అతని మనవడు, ఇస్సాకు కొడుకు యాకోబు కూడా. ఇస్సాకు వెనక వరసలోవాడు. పాత నిబంధన తరగతులు చెబుతున్నంత కాలం నేను గమనించింది ఇదే: అబ్రాహాము రోజున ప్రశ్నలు వస్తాయి, యాకోబు రోజున నవ్వులు వస్తాయి, ఇస్సాకు రోజున గడియారం చూస్తారు.

ముందు వయసు సంగతి తేల్చేద్దాం, అది చిన్న పని. ఆదికాండము 22 అతని వయసు చెప్పలేదు, "చిన్నవాడు" అని మాత్రమే అంది. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ 25 ఏళ్లన్నాడు. రబ్బీల సంప్రదాయం 37 అంటుంది. తల్లి శారా 90 ఏళ్ల వయసులో కని 127వ ఏట చనిపోయింది, ఆమె మరణం మోరీయా తర్వాతి అధ్యాయంలోనే ఉంది కాబట్టి ఆ రెంటినీ కలిపి వేసిన లెక్క అది. ఈ రెండు అంకెల్లో దేనికోసమూ నేను పోట్లాడను. కానీ దహనబలికి కావలసిన కట్టెలు వీపున వేసుకుని కొండ ఎక్కాడంటే అతను సండేస్కూలు బొమ్మల్లో గీసే ఐదేళ్ల బాబు కాదు. తండ్రి వయసు నూరు దాటింది. కొడుకు ఒప్పుకోకపోతే అంత ముసలివాడు అతన్ని బంధించి కట్టెల మీద పడుకోబెట్టలేడు. గొర్రెపిల్ల ఏదని ఒక్కసారి అడిగాడు, దేవుడే చూసుకుంటాడన్న జవాబు విన్నాడు. ఆ తర్వాత వాక్యంలో అతని నోట ఇంకో మాట లేదు.

ఈ సందర్భంలోనే మీ స్నేహితుల్లో ముస్లింలు ఉంటే ఒక విషయం తెలుసుకుని ఉండండి. బలికి తీసుకెళ్లిన కొడుకు ఇస్సాకు సవతి అన్న ఇష్మాయేలని వాళ్లలో ఎక్కువమంది నమ్ముతారు, ఖురానులో ఆ ఘట్టంలో కొడుకు పేరు లేదు. దాని మీద వాదన పెట్టుకుంటే కూటం మొత్తం అక్కడే గడిచిపోతుంది.

మోరీయా తర్వాత చాలామంది చూడకుండా దాటేసే సంగతి ఒకటుంది. 22:19లో అబ్రాహాము తన పనివాళ్ల దగ్గరికి తిరిగొచ్చాడనీ, అందరూ కలిసి బెయేర్షెబాకు వెళ్లారనీ ఉంది. ఇస్సాకు పేరు అక్కడ లేదు. 23వ అధ్యాయంలో తల్లి చనిపోయి మక్పేలా గుహలో సమాధి చేసినప్పుడూ అతని ప్రస్తావన రాదు. మళ్లీ కనిపించేది 24:62లో, పెళ్లికూతురు రిబ్కా ఒంటెల మీద వస్తున్నప్పుడు. అప్పుడతను వస్తున్నది బెయేర్ లహాయిరోయి అనే బావి వైపు నుంచి. ఆ బావి ఎవరిదో గుర్తుందా? హాగరుది. శారా పెట్టిన బాధ భరించలేక గర్భవతిగా పారిపోయిన దాసి, "నన్ను చూచుచున్న దేవుడవు" అని దేవునికి పేరు పెట్టిన చోటు. తండ్రి చనిపోయాక ఇస్సాకు కాపురం పెట్టింది కూడా అక్కడేనని 25:11 చెబుతుంది. తన మూలంగా ఇంట్లోంచి వెళ్లగొట్టబడిన స్త్రీ ఏ దేవుణ్ణి కలుసుకుందో ఆ చోటునే ఇతను నివాసం చేసుకున్నాడు. తండ్రిని పాతిపెట్టడానికి ఇస్సాకు, ఇష్మాయేలు ఇద్దరూ కలిసి వచ్చారని 25:9లో ఉంది. ఈ అన్నదమ్ముల మధ్య రాకపోకలు ఎలా మొదలయ్యాయో ఆదికాండము చెప్పలేదు. బావి మాత్రం చూపించింది. నేనైతే దీన్ని యాదృచ్ఛికమని అనుకోను.

పెళ్లి కథ, అంటే 24వ అధ్యాయం, అందరికీ తెలిసిందే. 67 వచనాలు, ఆదికాండములో అన్నిటికంటే పొడవైన అధ్యాయం. పెళ్లి సంబంధాల ప్రసంగాలకు మనవాళ్లు దాన్ని అరగదీశారు కాబట్టి నేను వదిలేస్తున్నాను. ఒక్కటి మాత్రం పట్టుకోండి. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు అనే ముగ్గురు పితరుల్లో ఒకే భార్యతో బతికింది ఇతనొక్కడే. నలభయ్యో ఏట పెళ్లి, అరవయ్యో ఏట కవలలు. మధ్యలో ఇరవై ఏళ్లు పిల్లల్లేరు. అదే పరిస్థితిలో తండ్రి హాగరు దగ్గరికి వెళ్లాడు, తర్వాత కొడుకు నలుగురితో కాపురం చేశాడు. ఇస్సాకు చేసింది 25:21లో ఒక్క వాక్యంలో ఉంది: భార్య కోసం యెహోవాను వేడుకున్నాడు. ఇరవై ఏళ్ల ప్రార్థనకు ఒక్క వాక్యం! సాక్ష్యాల కూటంలో చెబితే నిమిషం కూడా పట్టదు.

ఇక 26వ అధ్యాయం. ఇస్సాకు మీద మొత్తం నిలబడిన అధ్యాయం ఇదొక్కటే. మీ కూటానికి ఇదే పెట్టుకోండి.

కరువు వచ్చింది. తండ్రి కాలంలో కరువొస్తే ఐగుప్తుకు వెళ్లాడు, ఇతనూ అటే బయలుదేరి ఫిలిష్తీయుల ఊరు గెరారు దాకా వచ్చాడు. నైలు నది ఉన్నచోట వాన కోసం ఆకాశం వైపు చూడక్కర్లేదు కాబట్టి కరువు వస్తే ఆ ప్రాంతపు పశువుల కాపరులు చేసే మామూలు పని అది. దేవుడు వద్దన్నాడు, ఈ దేశంలోనే పరవాసిగా ఉండమన్నాడు. ఉన్నాడు. అబ్రాహాము కల్దీయుల ఊరు అనే పట్టణం నుంచి వచ్చినవాడు, ఐగుప్తు చూసినవాడు. యాకోబు మేనమామ ఉండే పద్దనరాములో ఇరవై ఏళ్లు ఉండి, చివరికి ఐగుప్తులో చనిపోయాడు. వాగ్దాన దేశం గడప దాటనిది ఇస్సాకు మాత్రమే. మనం విశ్వాసమంటే బయలుదేరడమనే నేర్పుతాం, దేవుడు అబ్రాహామును బయలుదేరమన్న ఆదికాండము 12 వల్ల. 26లో దేవుడు అడిగింది దానికి తలకిందులు. కరువులో ఉన్నచోటే ఉండడం. ఏది కష్టమో అనుభవం ఉన్న రైతును అడగండి.

ఆ నేల ఎలాంటిదో తెలిస్తే ఈ మాట బరువు అర్థమవుతుంది. బెయేర్షెబా చుట్టుపక్కల ఏడాదికి సుమారు 200 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అదీ చలికాలం నెలల్లోనే. మన దగ్గర కరువుకు మారుపేరైన అనంతపురంలో సగటు వాన 550 దాకా ఉంటుంది. అంటే అనంతపురంలో సగం కూడా లేని నేల. అలాంటి చోట కరువు ఏడాదిలో ఇతను విత్తనం వేశాడు. ముగ్గురు పితరుల్లో విత్తినట్టు రాసి ఉన్నది ఇతని గురించే. నూరంతలు పండింది.

పంటకు ముందు ఒక మరక ఉంది, దాన్ని దాచకండి. భార్యను చెల్లెలని చెప్పాడు, అచ్చం తండ్రిలాగే. పైగా తండ్రికి సగం నిజమైనా ఉంది, శారా అతని తండ్రి కూతురు. ఇతనికి ఆ సగమూ లేదు. చాలా రోజులు అలాగే నడిచింది. ఒకనాడు గెరారు రాజు అబీమెలెకు కిటికీలోంచి చూస్తే ఇస్సాకు రిబ్కాతో సరసమాడుతున్నాడు, ఆట కట్టింది. అన్యుడైన రాజు చేత నీతి పాఠం చెప్పించుకున్నాడు మన పితరుడు. యవనస్థులకు ఈ భాగం బాగా నచ్చుతుంది, నవ్వనివ్వండి. దేవుని భక్తుల ఇళ్లలో భక్తే కాదు, భయాలు కూడా వారసత్వంగా వస్తాయని వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అసలు సంగతి బావులది. అబ్రాహాము తవ్వించిన బావుల్ని అతను చనిపోయాక ఫిలిష్తీయులు మట్టి పోసి పూడ్చేశారు. నీళ్లు వాళ్లకూ అవసరమే, అయినా పూడ్చారు. ఆ ప్రాంతంలో బావి ఎవరిదైతే దాని చుట్టూ మేత నేల మీద హక్కు వాళ్లదవుతుంది. బావి పూడ్చడమంటే మీ నాన్నకు ఇక్కడ హక్కు లేదు, నీకూ లేదు అని చెప్పడం. ఇస్సాకు కలిమి చూసి ఫిలిష్తీయులు అసూయపడ్డారు, అబీమెలెకు వచ్చి నువ్వు మాకంటే బలవంతుడివయ్యావు, మా దగ్గర్నుంచి వెళ్లిపో అన్నాడు. ఇస్సాకు లోయలోకి దిగి ఆ పాత బావులే మళ్లీ తవ్వించాడు, తండ్రి పెట్టిన పేర్లే మళ్లీ పెట్టాడు. తర్వాత అతని పనివాళ్లు కొత్తగా తవ్వితే ఊట నీళ్లు పడ్డాయి. గెరారు కాపరులు వచ్చి ఈ నీళ్లు మావి అన్నారు. దానికి ఏశెకు అని పేరు పెట్టి వదిలేశాడు. ఇంకోటి తవ్వితే అక్కడా జగడమే, శిత్నా అని పేరు పెట్టి దాన్నీ వదిలేశాడు. మూడోదాని కోసం ఎవరూ రాలేదు. దాన్ని రహెబోతు అన్నాడు, యెహోవా మనకు ఎడము, అంటే చోటు, కలుగజేశాడన్నాడు.

ఇక్కడ చాలామంది ప్రసంగీకులు "ఇస్సాకు మెతక మనిషి, సాధు స్వభావి" అని చెప్పి దిగిపోతారు. నేను ఒప్పుకోను. 21వ అధ్యాయానికి వెళ్లి చూడండి. అబీమెలెకు, అతని సేనాపతి ఫీకోలు వచ్చి అబ్రాహాముతో ప్రమాణం చేయించుకున్నది కొడుకులకూ మనవలకూ వర్తించేలా. బావి గొడవ అప్పుడూ వచ్చింది. ఏడు గొర్రెపిల్లల్ని సాక్ష్యంగా ఇచ్చి బెయేర్షెబా బావి తనదని అబ్రాహాము ఖాయం చేసుకున్నాడు. అంటే ఇస్సాకు చేతిలో ఒప్పందం ఉంది. మనుషులూ ఉన్నారు: తండ్రి ఒకప్పుడు తన ఇంట పుట్టిన 318 మందితో వెళ్లి నలుగురు రాజుల్ని తరిమి తన తమ్ముడి కొడుకు లోతును విడిపించుకొచ్చాడు, ఆ ఆస్తంతా 25:5 ప్రకారం ఇతనికే వచ్చింది. బలవంతుడివని శత్రువే ఒప్పుకున్నాడు. కాగితమూ ఉంది, బలమూ ఉంది, నీళ్లు కూడా తనే తవ్వుకున్నాడు. అయినా లేచి వెళ్లిపోయాడు. చేతకాక కాదు. ఈ దేశమంతా నీకూ నీ సంతానానికీ ఇస్తానని 26:3లో విన్నవాడికి ఒక బావి పోతే పోయేదేమీ లేదు. వాగ్దానాన్ని నిజంగా నమ్మాడా లేదా అన్నది ఏశెకు దగ్గర తేలింది, శిత్నా దగ్గర ఇంకోసారి తేలింది. మొదటి బావి వదలడం మంచితనం కావచ్చు. రెండోది కూడా వదిలి మూడోది తవ్వడానికి పారలు ఎత్తించాడంటే దాన్ని విశ్వాసమనకుండా ఇంకేమనాలో నాకు తెలియదు.

పూడిక తీయడం ఎంత పనో ఊహకు అందడానికి ఒక వివరం. నేటి బెయేర్షెబా పట్టణానికి తూర్పున ఉన్న పురాతన దిబ్బను 1969 నుంచి 1976 వరకు యోహనాన్ అహరోని బృందం తవ్వింది. ఆ ఊరి గుమ్మం బయట ఒక పాత బావి ఉంది, తర్వాత 1990ల్లో దాన్ని అడుగు దాకా శుభ్రం చేస్తే లోతు సుమారు 69 మీటర్లు తేలింది. అది ఇస్సాకు బావి అని నేను చెప్పడం లేదు, గైడ్లు చెబుతారు. దిబ్బ మీద బయటపడిన ఊరు చాలా తర్వాతిది, ఇశ్రాయేలు రాజుల కాలానిది. కానీ ఆ నేలలో నీటి కోసం మనుషులు ఎంత లోతుకు దిగాల్సి వచ్చిందో అది చూపిస్తుంది. వాగు పక్కన లోయలో అంత లోతు అక్కర్లేకపోవచ్చు. అయినా మోటార్లు లేని రోజుల్లో, తట్టలతో మట్టి తోడి, ఊట పడ్డాక చేతులు దులుపుకుని వెళ్లడం చిన్న విషయం కాదు.

ఆ తర్వాత బెయేర్షెబాకు ఎక్కి వచ్చాడు. ఆ రాత్రే దేవుడు కనబడి, నేను నీ తండ్రియైన అబ్రాహాము దేవుణ్ణి, భయపడవద్దు అన్నాడు. మీ ప్రశ్నకు నా జవాబు ఇక్కడ మొదలవుతుంది, కాస్త నెమ్మదిగా చదవండి. ఇన్నేళ్ల తర్వాత కూడా దేవుడు తన్ను తాను పరిచయం చేసుకున్నది తండ్రి పేరుతోనే. దీవెనకు కారణం చెప్పినప్పుడు కూడా "నా సేవకుడైన అబ్రాహామును బట్టి" అనే. రెండో తరం విశ్వాసికి ఇది బాగా తెలిసిన పరిస్థితి. సంఘంలో ఎవరు పలకరించినా "ఫలానా వారబ్బాయివి కదూ" అంటారు. ఇస్సాకు దానికి చిన్నబుచ్చుకోలేదు. అక్కడే బలిపీఠం కట్టాడు. అతను కట్టినట్టు గ్రంథంలో ఉన్న ఒకే ఒక్క బలిపీఠం అది. యెహోవా నామమున ప్రార్థన చేసి, ఆ తర్వాత గుడారం వేశాడు, ఆ తర్వాత పనివాళ్లు బావి తవ్వారు. 26:25లో క్రమం అదే.

ఇప్పుడు 28:13కు వెళ్లండి. యాకోబు పారిపోతూ రాయి తలగడగా పెట్టుకుని పడుకున్నచోట దేవుడు ఏమన్నాడు? "నేను నీ తండ్రియైన అబ్రాహాము దేవుడను, ఇస్సాకు దేవుడను." 26కూ 28కీ మధ్య అతని పేరు దేవుని పరిచయంలో చేరిపోయింది. పైగా ఇస్సాకు ఇంకా బతికే ఉన్నాడు! 11వ శతాబ్దపు ఫ్రాన్సులోని గొప్ప యూదు వ్యాఖ్యాత రాషికి ఇది ఇబ్బందిగా తోచింది. బతికున్నవాళ్ల పేరుతో దేవుడు తన పేరు కలపడు కదా, మరి ఇక్కడెందుకు కలిపాడని అడిగి, చూపు పోయి ఇంటికే పరిమితమైన ఇస్సాకు చనిపోయినవాడితో సమానమని సర్దిచెప్పాడు. రాషి అంటే నాకు గౌరవం, కానీ ఈ సర్దుబాటు నాకు రుచించదు. 27వ అధ్యాయం చదివితే వేరే కారణం కనిపిస్తుంది. మీ మూడో ప్రశ్న కూడా అక్కడిదే.

వయసు లెక్క ఒకటి ముందు వేసుకుందాం. యాకోబు కొడుకు యోసేపు 30వ ఏట ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడ్డాడు, ఏడేళ్ల పంట, రెండేళ్ల కరువు గడిచాక యాకోబు ఐగుప్తుకు వచ్చాడు, అప్పటికి యాకోబుకు 130. అంటే యోసేపు పుట్టినప్పుడు 91. అది మేనమామ లాబాను దగ్గర పద్నాలుగేళ్లు ముగిసే వేళ. కాబట్టి ఇల్లు వదిలినప్పుడు యాకోబుకు 77, ఇస్సాకుకు 137. ఇష్మాయేలు చనిపోయింది కూడా సరిగ్గా 137వ ఏటే (25:17). "నేను ముసలివాణ్ణయ్యాను, ఎప్పుడు చనిపోతానో తెలియదు" అని ఇస్సాకు ఆ పూటే ఎందుకన్నాడో దీన్నిబట్టి ఊహించవచ్చు, ఇది నా ఊహే. తీరా చూస్తే అతను బతికింది 180 ఏళ్లు. చావబోతున్నానని దీవెన ఇచ్చాక ఇంకో 43 ఏళ్లు ఉన్నాడు. మనవడు యోసేపును అన్నలు అమ్మేసిన నాటికి తాత ఇంకా హెబ్రోనులో ఉన్నాడు.

కవలలు పుట్టకముందే పెద్దవాడు చిన్నవాడికి దాసుడవుతాడని దేవుడు రిబ్కాతో చెప్పాడు. ఆమె భర్తకు చెప్పిందో లేదో వాక్యంలో లేదు. కానీ ఇస్సాకుకు పెద్దవాడైన ఏశావంటే ఇష్టం, వేట మాంసం వల్ల. పితరుడి గురించి ఇంత మొహమాటం లేకుండా రాయడం ఆదికాండముకే చెల్లింది. ఆ ఇష్టంతోనే, ఇంకో కొడుక్కి తెలియకుండా, ఒక్కణ్ణే పిలిచి దీవించాలనుకున్నాడు. ఆ తర్వాత జరిగింది మీకు తెలుసు: మేకపిల్లల మాంసం, చేతులకు మేక తోళ్లు, అన్న బట్టలు. చూపు లేదు. తడిమితే చేతులు మోసం చేశాయి, తింటే నాలుక మోసం చేసింది, బట్టల వాసన ముక్కును మోసం చేసింది. చెవి ఒక్కటే నిజం చెప్పింది, స్వరం యాకోబుదని. ఆ ఒక్కదాన్నే అతను పక్కన పెట్టాడు.

ఇందులో విశ్వాసం ఎక్కడుందని మీరడిగారు. దీవెన పలికిన క్షణంలో వెతికితే దొరకదు. 27:33లో ఉంది. నిజమైన ఏశావు వంటకం పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఇస్సాకు గడగడ వణికిపోయాడు. ఆ వణుకుకు కోపం ఒక్కటే కారణమైతే తర్వాతి మాట శాపం కావాలి. యాకోబు భయపడిందీ అదే, తల్లితో ముందే అన్నాడు. కానీ ముసలాయన నోట వచ్చింది వేరే మాట: అతడు దీవింపబడినవాడే. తాను ఒకటి తలిస్తే దేవుడు ఇంకోటి నడిపించాడనీ, తన ఇష్టానికి అడ్డంగా దేవుని మాటే నెగ్గిందనీ ఆ క్షణంలో అర్థమైంది. ప్రాణంగా చూసుకున్న కొడుకు ఎదురుగా బావురుమని ఏడుస్తున్నా దాన్ని వెనక్కి తీసుకోలేదు. మోసం మోసమే, ఇస్సాకు దాన్ని మోసమనే అన్నాడు. యాకోబు దానికి లాబాను ఇంట్లో పూర్తిగా చెల్లించుకున్నాడు.

ఇది కేవలం నిస్సహాయత కాదనడానికి సాక్ష్యం 28వ అధ్యాయం మొదట్లో ఉంది. రెండు దీవెనలూ పక్కపక్కన పెట్టి చదవండి. మేక తోళ్లు తడిమి ఇచ్చిన దీవెనలో మంచు, ధాన్యం, ద్రాక్షారసం, అన్నదమ్ముల మీద పెత్తనం ఉన్నాయి. శపించేవాళ్లు శపించబడాలన్న ఒక్క మాట అబ్రాహాముకు ఇచ్చిన వాగ్దానాన్ని తలపిస్తుంది, అంతే. అబ్రాహాము పేరు లేదు, సంతానం మాట లేదు, దేశం మాట లేదు. అవన్నీ వచ్చేది 28:3-4లో. అప్పుడు ఎదురుగా ఉన్నది యాకోబే అని అతనికి తెలుసు, పేరు పెట్టి పిలిపించుకున్నాడు. సర్వశక్తిగల దేవుడు అబ్రాహాముకిచ్చిన ఆశీర్వాదం నీకూ నీ సంతానానికీ ఇస్తాడని, తెలిసి, మనసారా, మోసం చేసిన కొడుకు తల మీద పెట్టాడు. హెబ్రీ పత్రిక "యాకోబును ఏశావును" అని చిన్నవాడి పేరు ముందు రాసింది గమనించండి. ఇస్సాకు చివరికి ఒప్పుకున్న వరస అదే. కుర్రతనంలో కట్టెల మీద పడుకుని తన ప్రాణాన్ని అప్పగించాడు, ముసలితనంలో తన ఇష్టాన్ని అప్పగించాడు. రెండోది ఎక్కువ కష్టమని నా అభిప్రాయం, మోరీయా దగ్గర తండ్రి పక్కనే ఉన్నాడు కదా.

తండ్రి విశ్వాసం కొడుక్కి ఎలా కనబడిందో తెలియడానికి ఇంకొక వచనం చెప్పి ఆపుతాను. 31:42లో, ఇరవై ఏళ్ల చాకిరీ తర్వాత, యాకోబు లాబాను మీద విరుచుకుపడుతూ తనకు తోడున్న దేవుణ్ణి "ఇస్సాకు భయపడిన దేవుడు" అన్నాడు. పదకొండు వచనాల తర్వాత ప్రమాణం చేయాల్సి వస్తే అబ్రాహాము పేరు మీద చేయలేదు, మళ్లీ ఇస్సాకు భయపడిన దేవుని తోడనే చేశాడు. తండ్రి వణికిపోయిన సంగతి చెవిన పడి అతనికి గుర్తుండిపోయిందేమో. మీ కూటంలో మూడు తరాల కుటుంబాల పిల్లలు ఎవరైనా ఉంటే వాళ్లను 26:24, 28:13, 31:42 ఈ వరసలో చదవమనండి, మీరు పెద్దగా వివరించక్కర్లేదు.

సమయం ముప్పావుగంటే అన్నారు కాబట్టి 24 వదిలేయండి, మోరీయా ఐదు నిమిషాల్లో దాటేయండి, బావులకు సగం సమయం ఇవ్వండి. ప్రశ్నల వేళ ఇంజనీరింగ్ చదివే కుర్రాడెవడో లేచి, ఫిలిష్తీయులు కనాను తీరానికి వచ్చింది క్రీస్తు పూర్వం 12వ శతాబ్దంలో కదా, ఇస్సాకు కాలంలో ఎక్కడివాళ్లని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. ఫరో మూడవ రామ్సెస్ శాసనాల్లో వాళ్లు సముద్ర జనాల్లో, అంటే సముద్రం మీదుగా దండెత్తి వచ్చిన గుంపుల్లో, ఒకరుగా కనిపించేది అప్పుడే. ఆ కథ తర్వాతి కాలంలో రాసినందువల్లే ఆ పేరు వచ్చిందని చాలామంది పండితులంటారు. గ్రీసు దగ్గరి ఏజియన్ సముద్రం వైపు నుంచి అంతకుముందే వచ్చిన చిన్న గుంపు అని కొందరంటారు. చదివేవాళ్లకు తెలిసిన పేరుతో పాత చోటును చెప్పడం ఆదికాండములో ఇంకోచోట కూడా ఉంది: 14:14లో అబ్రాహాము దాను వరకు తరిమాడని ఉంటుంది, ఆ ఊరికి దాను అన్న పేరు పెట్టింది న్యాయాధిపతులు 18:29లో. ఈ ఉదాహరణ చూపించి, మిగతాది కూటం అయ్యాక మాట్లాడదామని చెప్పండి.